మళ్లీ ప్రయత్నించండి

ఎనుమాముల మార్కెట్ ఎనుక రేకుల రూముల
పొద్దుగూకినంక కంప్యూటర్ కండ్లు తెరుస్తది.
పొద్దంత మిర్పతొడిమెలు తీసిన వేళ్లాయె,
మీట గూడ మండుతదేమోనని
కొంగు అడ్డం బెట్టి ఒత్తిన.

తెర మీద పడవ బొమ్మ. 'ప' ఏదో జూపుమన్నది.
పడవెక్కడిది మాకు? పత్తి పెట్టరాదా? అన్న.
అది ఇననే లేదు.
'వ' ఒత్తిన.
'మళ్లీ ప్రయత్నించండి.'
పక్క కుర్చీల ఓదెమ్మ కిసుక్కుమన్నది.
అది తిట్టలే, నవ్వలే,
అండి అన్నది నన్ను!
ఇంకోపారి అనిపిచ్చుకుందామని
ఎరుకుండే తప్పు ఒత్తిన.

ఇయ్యాల చిట్టీల ముప్పయ్యెనిమిది రాసిండు గుమాస్త.
కాంట మీద ఎర్రంగ నలభయ్యొకటి.
లొల్లి జెయ్యలే.
చిట్టీ ఆయన దిక్కే జరిపి
మెల్లగ అన్న:
'మళ్లీ ప్రయత్నించండి.'