వెనక్కి నడవకండి

కూబర్ పీడీలో మా మోటల్ నేలకింద ఉంటుంది.
పైన నలభై ఆరు డిగ్రీలు,
కింద కొత్తకుండ చల్లదనం.
రాత్రి పదింటినుంచి ఆరింటిదాకా
రిసెప్షన్ బల్ల వెనక నేనూ,
ఎర్రరాతి గోడలమీద యంత్రం గీకిపోయిన వలయాలూ,
ఎవరూ పారెయ్యని ఒక పాత కంప్యూటరూ.

ఆట నేర్పింది మిర్కో.
ముప్పై ఏళ్ళు ఓపల్ తవ్వి
రెండు వేళ్ళూ ఒక పెళ్ళీ పోగొట్టుకున్నవాడు.
"బొమ్మలేవీ?" అన్నాను మొదటిరోజు.
"భయపడ్డానికి అక్షరాలు చాలు" అన్నాడు.

నల్లటి తెర. చుక్కలు నేల, గీతలు గోడ.
మనమేమో ఈమెయిలు అడ్రసు మధ్యలో
ముడుచుకు కూచునే ఆ నత్తగుల్ల.
చిన్న డి కుక్కపిల్ల, మనదే.
పెద్ద డి డ్రాగన్, ఎవరిదీ కాదు.
వత్తు మర్చిపోతే మా తెలుగు మేష్టారు
చెవి మెలేసి వదిలేసేవాడు.
ఇక్కడ చూపు తడబడితే
ఏకంగా సమాధిరాయి:
సువర్చల, నలభై కాసులు,
పాచిపోయిన బల్లిని తిని చనిపోయెను.

రెండోసారి, ఫౌంటెన్లో నీళ్ళు తాగబోతే పాములు.
మూడోసారి సరదాకి రాయి పైకెగరేశాను,
అది ఎక్కడ పడిందో చెప్పాలా.
ఆకలేసినప్పుడు దణ్ణం పెడితే
దేవుడు నిజంగానే కడుపు నింపాడు,
కాసేపాగి మళ్ళీ పెడితే పిడుగు వేశాడు.
మా నాన్నమ్మ రోజుకి వందసార్లు పిలిచేది,
ఆవిడ దేవుడి ఓర్పు వేరు.

పుట్టగొడుగు తిన్న రోజున
గదినిండా రాక్షసుల బదులు
ఆదాయపన్ను అధికారులు, ఎగిరే బీరువాలు,
గొంతు సవరించుకుంటున్న ఒక బెండకాయ.
ఏది నిజంగా కరుస్తుందో తెలీక
నవ్వుతూనే చచ్చాను.

మిర్కో నవ్వడు.
నేను చచ్చిన ప్రతిసారీ కాఫీకప్పుమీద
చెంచాతో రెండుసార్లు కొడతాడు,
చర్చిగంటలాగా.
పోయినవాడు పోయినట్టే, మళ్ళీ మొదటి మెట్టునుంచే.

పలుగు చేతపట్టుకుని కొట్లోకి అడుగుపెడితే
కొట్టువాడు గుమ్మానికడ్డంగా నిలబడి
"దయచేసి అది బయటపెట్టండి" అంటాడు.
ఇందులో వింతేముంది, అన్నాడు మిర్కో,
మా ఊరి సినిమాలో ఒకప్పుడు తెరమీదే వేసేవారు,
పేలుడుమందు లోపలికి తేవద్దని.
ఊరి చివర బోర్డులున్నాయి ఇప్పటికీ:
లోతైన గుంటలు. పరిగెత్తకండి. వెనక్కి నడవకండి.
ఫొటోకోసం ఒక్కడుగు,
ఫ్రేములో ఆకాశం సరిపోలేదని ఇంకొక్కడుగు.
ఆటలో ఆ బోర్డు కూడా ఉండదు.

జూలైలో కంటి ఆపరేషనుకి అడిలైడ్ వెళ్ళాడు.
ఆ వారమే, ఏడో అంతస్తులో,
మూలగది మసకలో తెరమీద ఒక వాక్యం:
ఇది మిర్కో దయ్యం.

ఫోనువైపు చూశాను.
అరనిమిషం ఆట ఆటగా అనిపించలేదు.
తర్వాత గుర్తొచ్చింది, పోయినేడాది
ఇదే కుర్చీలో అతని నత్తగుల్ల ఒకటి ఇక్కడే పడిపోయింది.
చుట్టూ అతని ఆస్తి:
ఇరవై మూడు చేపల డబ్బాలు,
డబ్బా తెరిచే కత్తి మాత్రం లేదు,
ఒక జత ఎర్రబూట్లు.
దయ్యం నాలుగడుగులకోసారి ఒకడుగు వేసింది,
చచ్చినా తొందరలేని మనిషి.
ఓడించాను.

కుక్కపిల్ల గదంతా తిరిగింది,
బూట్లున్న గడిని మాత్రం తొక్కలేదు.
నిద్రొచ్చిందేమో అనుకుని
తొడిగేశాను.

ఇప్పుడవి ఊడవు.
మూడడుగులకోసారి బోర్లాపడుతున్నాను,
మెట్లదగ్గర పెద్ద డి నిలబడి ఉంది.

రాత్రి రెండున్నరకి మొదటి రింగుకే ఎత్తాడు.
కంటికి కట్టుతో నిద్రపట్టడం లేదట.
అంతా చెప్పాను, బూట్లదాకా.
"నేనెందుకు చచ్చాననుకున్నావ్? కుక్క తొక్కిందా వాటిని?"
"లేదు."
అట్నుంచి కాసేపు ఏమీ లేదు.
తర్వాత ఆసుపత్రి గ్లాసుమీద
చెంచా, రెండుసార్లు.