జతపరచినవి

విజయనగరం కలెక్టరాఫీసు గోడవార
గొడుగు కింద మిషను పెట్టుకు కూర్చుంటాను.
అర్జీకి ఇరవై,
నకలు కావాలంటే మరో ఐదు.

మొదటిసారి పేరడిగితే
"అర్జి అచ్చియ్యమ్మ" అంది.
అర్జీ సంగతి తర్వాత, ముందు ఇంటిపేరు చెప్పమన్నాను.
"అదే బావు. ఇంటిపేరే అది.
పుట్టిన కాడ్నుంచీ పెడతానే ఉన్నాం."

విషయం: రెల్లివీధి నుండి శ్మశానమునకు పోవు తోవలో
ఇనుపగేటు తొలగించుట గురించి.

తాతల్ని మోసిన బాట
లేఔటు కాగితంలో ముప్పై అడుగుల రోడ్డయింది.
రోడ్డుకి గేటు, గేటుకి కుర్చీ,
కుర్చీలో ఖాకీ చొక్కా.
"నాలుగున్నరకి చీపురట్టుకెల్తే తీత్తాడు బావు,
పాడె అట్టుకెల్తే తాళమెక్కడుందో తెలీదంతాడు."

మొన్న వానల్లో ఆమె మరిది గురయ్యని
రైలుకట్ట మీంచి తిప్పి మోశారు.

"తమరు దయతో" అని కొట్టాను.
"ఆ దయ తీసీ బావు."
తీయలేదు. అర్జీకో పద్ధతుంటుంది,
ఇచ్చేవాడు కాస్త వంగాలి కదా.

పదహారు సోమవారాలు.
రసీదులు కొంగుముడిలో మెత్తబడి బట్టయిపోయాయి.
సర్వేయరొచ్చాడు, గొలుసు దించాడు,
అసోసియేషన్ వాళ్లిచ్చిన కొబ్బరినీళ్లు తాగి వెళ్లాడు.

ఏ అర్జీలోనూ నేను కొట్టని సంగతి ఒకటుంది.
ఆ గేటు లోపల, మూడో వరసలో అద్దెకుంటాను.
గురయ్య పాడె వానలో నిలబడ్డ రాత్రి
కిటికీలో దీపం ఆర్పింది నేనే.
లోపలివాళ్లందరికీ ఇచ్చినట్టే నాకూ ఒక తాళంచెవి ఇచ్చారు,
కూర్చుంటే తొడకి గుచ్చుకుంటుంది.

పదిహేడో సోమవారం
"జతపరచినవి" దగ్గర చెయ్యి ఆగింది.
తీసి బల్లమీద పెట్టాను.

చాలాసేపు చూసింది. ముట్టుకోలేదు.
"తెల్సు బావు. మీ వాకిలి తుడిచీది నానే కదా."
మళ్లీ కాసేపటికి,
"ఇదీ దయే కదేటి?
మా సవానికి ఎవులూ తలుపు తియ్యక్కర్లేదు.
తలుపే ఉండకూడదు. అలాగ రాయి."

అలాగే రాశాను. ఆ మాట తీసేశాను,
పద్ధతి ఏమీ చెడలేదు.
కింద సాక్షి గీతమీద
నా పేరు, ఇంటి నెంబరు, మూడో వరస.

ఆమె కొంగుముడి విప్పి
ఇరవై లెక్కపెట్టింది.
వద్దనబోయి,
ఆ మాట కూడా ఎక్కణ్నుంచి వస్తోందో తెలిసి,
తీసుకున్నాను.