గిన్నె అడుగు

మర్రిగూడ ఫ్లెక్సీ దుకాణంల
పగలంతా పెండ్లి బ్యానర్లు, దశదినకర్మ ఫోటోలు.
షట్టరు సగం దించినంక
నేనొక గ్రహాన్ని చేస్త.

గోళం గీసుడు ఒక్క క్లిక్కు,
గ్రహమని నమ్మించుడే కష్టం.
నున్నగుంటే గోలీకాయ,
గరుకైతే సీతాఫలం.

పది రాత్రులు తిప్పలు పడ్డ.
ఆఖరికి ఇద్దమ్మ చాయ్ డబ్బాకాడ
నీళ్లు మరిగే గిన్నె ఖాళీ అయినప్పుడు చూసిన:
బోరునీళ్లు ఏండ్లకేండ్లు ఉడికి
అడుగున కట్టిన తెల్లపెచ్చు.
గుంటలు, గట్లు,
ఎటూ పోని వాగుల్లాంటి పగుళ్లు.
సెల్లుతోటి ఫోటో దీసి గోళానికి చుట్టిన.

ఒక్క దిక్కే వెలుగు పెట్టిన.
రెండోదిక్కు చీకటిని ముట్టుకోలె.
అంచున వెంట్రుకంత నీలం,
గాలున్నదని ఒక చిన్న అబద్ధం.

తొంభై శాతం కాంగనే కరెంటు పోయింది.
మళ్లా మొదటికెళ్లి.

తెల్లారంగ తెరనిండా తేలింది,
మబ్బు లేకుండ, పేరు లేకుండ.
గ్లాసులు తీసుకపోను వచ్చిన ఇద్దమ్మ
నిలబడి చూసింది.
అది తన గిన్నెనని నేను చెప్పలె.

"ఎవలుంటరు ఆడ?"
"ఎవ్వలుండరు."
"నీళ్లు?"
"లేవు."
"బతికిపోయిన్రు తియ్" అని,
వంగని మోకాలును అరచేత్తో నొక్కుకుంట
నాలుగు గ్లాసులు ఏళ్లకు తగిలించుకొని
మెట్లు దిగింది,
ఒక్కొక్కటే.