బోనఫైడ్

రెండో నంబరు కిటికీ నాది.
ఒకటో నంబరు కిటికీ ఎవరిదో,
పదకొండేళ్లలో ఎన్నడూ తెరుచుకోలేదు.

ఫతేనగర్ బ్రిడ్జి దిగినంక
లేతు మిషన్ల సందులోంచి ఇనుప రజను తొక్కుకుంటూ వస్తే
ఆఖరున మా సర్కారు కాలేజీ.
పొద్దున హైస్కూలు, పన్నెండు దాటితే డిగ్రీ.
అవే బల్లలు. ఏడో తరగతి మోకాళ్లకు కొలిచి చేసినవి.
బీకాం పిల్లలు కాళ్లు పక్కకు పెట్టి కూర్చుంటారు,
దిగే స్టాపు దగ్గరపడ్డట్టు.

మీ దగ్గర ఏమేం ఉంటయి, అని అడుగుతారు
దోస్త్‌లో సీటొచ్చిన కాగితం చేత్తో పట్టుకుని,
వెనక నిలబడ్డ మేనమామ ముఖం చూస్తూ.
ఏం చెప్పాలి?
పద్నాలుగు మైక్రోస్కోపులు, తొమ్మిదింటికి చూపుంది.
ఉల్లిగడ్డ మాత్రం ఇంటినుంచి తెచ్చుకోవాలి.
లైబ్రరీలో ఫ్యాను కింద బల్ల ఒక్కటే.
దానికోసం కొట్లాడిన ఇద్దరు
తర్వాత పెళ్లి చేసుకున్నారు.
ఎకనామిక్స్ సారు గెస్టు, గంటకింత లెక్క.
మార్చిలో రావలసింది ఆగస్టులో వస్తుంది.
డిమాండు, సప్లై పాఠం
నవ్వకుండా చెబుతాడు.

నా చేతిమీదుగా ఇచ్చేది మాత్రం ఒకటే:
అరఠావు కాగితం.
ఫలానా వారు మా కళాశాలలో
ఫలానా సంవత్సరం చదువుతున్నారని
ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.
కింద ప్రిన్సిపల్ సంతకం, పక్కన గుండ్రటి ముద్ర.
ఎండలకు స్టాంపు ప్యాడు ఆరిపోతే
రెండు చుక్కల నీళ్లు పోస్తాను,
ముద్ర మళ్లీ నీలంగా పలుకుతుంది.

దరఖాస్తులో ఒక గీత ఉంటుంది. ఎందుకోసం?

బస్ పాసు, అని రాస్తారు చాలామంది.
స్కాలర్‌షిప్పు. బ్యాంకు ఖాతా.
రూము కిరాయికి, అని ఇస్లావత్ కళ్యాణి.
గోడకు అంటించడానికి, అని తహసీన్:
ట్యూషన్ పిల్లల తల్లులు అడుగుతున్నారట
టీచరమ్మ ఏం చదువుతున్నదని.
అర్ధరాత్రి దాకా బిర్యానీ పొట్లాలు మోసే కావలి శివయ్య
"పోలీసులు ఆపుతే" అని రాశాడు.
ఆపితే కాదు, ఆపుతే. నేను దిద్దలేదు.
నాలుగు మడతలేసి సెల్లు కవరు వెనక పెట్టుకున్నాడు.
మడతలు చిరిగి ఆరునెలలకు మళ్లీ వచ్చాడు.
పని చేసిందా, అన్నాను.
రెండుసార్లు చేసింది మేడం, ఒకసారి చెయ్యలే.
ఆ ఒక్కసారి సంగతి
నేనడగలేదు.

నిన్న నీరటి అండాలు వచ్చింది.
బోల్టులు లెక్కపెట్టి సంచుల్లో కట్టే పని, వయసు నలభై మూడు.
ఓపెన్‌లో ఇంటరు గట్టెక్కి ఇక్కడ బీఏ మొదటేడు.
గీత ఖాళీగా ఉంది.
బస్ పాసుకా?
నడిచే వస్త మేడం.
స్కాలర్‌షిప్పుకా?
వయసు దాటిందన్నరు.
మరి ఎందుకమ్మా?
కిటికీ చువ్వ పట్టుకుని కాసేపు ఆలోచించింది.
ఊకెనే, అంది.
రాసి ఉంటే చూసుకోనికి.

రిజిస్టరులో "ఊకెనే" అన్న గడి లేదు.
"ఇతరములు" ఉంది. అక్కడ టిక్కు పెట్టాను.
కాగితం అందుకుని అక్కడే, క్యూ మొత్తం ఆగేలా,
వేలు పెట్టి పైకి చదివింది.
"ఇందుమూలముగా" దగ్గర తడబడి
మళ్లీ మొదటినుంచి అందుకుంది.
వెనక పిల్లాడు గడియారం చూశాడు గానీ నోరు మెదపలేదు.
లోకల్ రైలు పోయింది.
బల్లమీద సిరాబుడ్డి సన్నగా వణికింది.

నాది అవుట్‌సోర్సింగు.
ఈ కాలేజీ రికార్డుల్లో నా పేరెక్కడా ఉండదు.
ఏజెన్సీ ఇచ్చిన కార్డు గడువు తీరి మూడేళ్లు.

అన్నం డబ్బా మూతపెట్టాక ఒక అరఠావు తీశాను.
ఫలానా వారు దగ్గర నా పేరు రాసి చూశాను.
అక్షరాలు బాగానే కుదిరాయి.
"చదువుతున్నారని" దగ్గర
కిటికీ అవతల ఎవరో దగ్గారు.
గుండుసూదుల డబ్బా కింద పెట్టాను కాగితాన్ని.
చింపలేదు.

ఆ, చెప్పు నాయనా,
ఎందుకోసం?