వెనుక చక్రం

ఎలిగేటి అనసూర్య గురించి నన్నడిగితే
ఆమె వీపు గురించే చెప్పగలుగుత.
పదకొండేండ్లు నేను చూసింది అదొక్కటే:
ఎడమ భుజం కింద ముందుగాల చెమట తడిసే జాగ,
జడను మడిచి రెండు రబ్బరుబ్యాండ్లు వేసిన తీరు,
చినిగిన బనీనుకు పెట్టిన పిన్నీసు.
ముఖం కనబడేది రేసు అయిపోయినంకనే,
ఆమె మొదటి మెట్టు మీద, నేను రెండో మెట్టు మీద.
అప్పుడు కూడా తలెత్తి చూడాల్సిందే.

మాది జమ్మికుంట. వాళ్లది కొత్తవాడ.
నాయన జంపఖానాలు నేసేటోడు.
పాత సైకిల్ రిమ్మును గుంజకు బిగించి
వాళ్లమ్మ కండెలు చుట్టేది, పొద్దంతా కిర్రు కిర్రు.
"ఎంత తిరిగినా అది గడప దాటలేదే,
దాన్ని చూస్తే నాకు కోపమొచ్చేది" అనేది అనసూర్య.

మొదటిసారి హన్మకొండ స్టేడియంల చూసిన.
మా మామ కొనిచ్చిన గేర్ల సైకిల్ నాది.
ఆమెది నాయన సైకిల్. క్యారియర్‌కు
మూట కట్టిన తాడు ఇంకా యాలాడుతుండె.
ఆ తాడు నాకంటే ముందే గీత దాటింది.

నేను ట్రాక్ మీద మోకాళ్లు చెక్కించుకొని
చివరి రెండు వందల మీటర్లు నేర్చేసరికి
ఆమె రోడ్డెక్కింది.
నేను రోడ్డుకొచ్చి వంద కిలోమీటర్ల ఓపిక పట్టేసరికి
గడియారంతోని ఒంటరిగా కొట్లాడే రేసుల ఉంది.
అక్కడికీ పోయిన.
అప్పటికే మల్లంపల్లి అవతల గుట్టల్ల
సైకిల్ భుజానేసుకొని బురదల ఉరుకుతుంది.
జంపఖానాలు మోసిన భుజం, దానికేం కొత్త?
"ఒక్కదాంట్ల నిలబడరాదా!" అని తిట్టిన.
"ఒక్కటే తొక్కితే కాళ్లకు యాష్టకొస్తదే" అన్నది.

పటియాలల రెండు బంగారాలు, ఒక వెండి.
గుట్టల రేసుల ఇంకొకటి.
పేపర్ల నాలుగు లైన్లు. పేరు "అనసూయ".
ప్రతిసారి ఎవరో ఒకరు ఆ పేరును దిద్దేటోళ్లు.
ఒక కప్పు మీద కూడా దిద్దిన్రు.

నేను ఒక్కసారి గెలిచిన. అది కూడా చెప్పాలె.
మార్చి నెల, నర్సంపేట రోడ్డు.
ఏనుమాముల మార్కెట్ దాటంగ మిర్చి ఘాటుకు
గుంపు గుంపంతా తుమ్ములు, కండ్లల్ల నీళ్లు.
ఆమె టైరు పగిలింది. ఒడ్డుకు జరిగి
బస్సుకు దారిచ్చినట్టు నాకు చెయ్యి ఊపింది.

ముందట ఎవ్వలు లేరు.
గాలంతా వచ్చి నా ఛాతీ మీద పడ్డది.
ఇన్నేండ్లు ఈ గాలినంతా
ఎవరు తింటున్నరో అప్పుడెరికయింది.
గీసుకొండ మలుపు కాడ ఎటు పోవాల్నో తెలువక
బ్రేకు పట్టిన. ఒక మేకల పిలగాడు దారి చూపిండు.
ఆ కప్పు ఇంట్లనే ఉంది.
మా అన్న పిల్లలు అండ్ల గోళీలు దాస్తరు.

తర్వాత కాజీపేటల రైల్వే నౌకరి.
బ్రిడ్జి దిగంగ ఒక లారీ. కుడి మోకాలు.
దాని గురించి ఆమె మాట్లాడదు, నేను అడగ.

పోయిన నెల కొత్తవాడకు పోయిన.
ఒక్క మగ్గమే మిగిలింది.
పాత రిమ్ము వంగిపోయిందట.
ఆమె ఆఖరి రేసు చక్రం గుంజకెక్కి
కండెలు చుడుతుంది, వేలితో తాకితే చాలు తిరుగుతది.
పుల్లల నడుమ ఒక ప్లాస్టిక్ ముక్క టకటకమంటుంది.
"ఇదేంది, చిన్నపిల్లల తీరు?" అన్న.
"ఏం జెయ్యాలె, అసలు సప్పుడే రాదు దీనికి.
సప్పుడు లేకపోతే అమ్మకు కునుకు పడుతలేదు."

అమ్మ మంచం మీద పండుకొని ఉంది.
కొంచెంసేపు ముగ్గురం ఆ టకటక విన్నం.

"చాయ్ పెడత" అని లేచింది.
కుడికాలు ఈడుస్తూ వంటింట్లకు నడిచింది.
ఆరడుగులు ఉంటదేమో.
పక్కపక్కన నడిచే జాగ ఉండె.
అలవాటు కదా,
వెనుకనే పోయిన.