ఆపేముందు

నడుస్తున్న బండికి ఏటి రోగం, అంది నూకరత్నం.
రోగం లేదు. అదే రోగం.
పద్దెనిమిదేళ్ల ఎస్టీమ్, కంపెనీ ఎలా ఇచ్చిందో అలాగే ఉంది,
యారాడ ఘాటీ మూడో మలుపులో
రెండో గేరుకి దిగి, ఏసీ ఆపి,
వెనక లారీవాడికి దారిచ్చి
ఆయాసపడే అలవాటుతో సహా.

గాజువాక ఆటోనగర్లో, పాతసామాను కొట్టు వెనక,
ముక్కు నుజ్జయిన డీజిల్ కారు పొట్టలోంచి తీశారు దాన్ని.
రెండు చేతుల్లో ఇమిడే ఇనప నత్త.
ఇరుసు పట్టుకుని ఊపి చూశా,
పక్కలకి రవ్వంత, ముందూవెనక్కీ అసలు లేదు.
కొట్టువాడు ఏడువేలన్నాడు.
నాలుగున్నర దగ్గర ఇద్దరం విసుగెత్తాం.

దీని పనేంటో ఇంట్లో చెప్పా:
ఇంజను బయటికి నెట్టేసే పొగ ఉంది కదా, వేడిది, ఎవరికీ అక్కర్లేనిది,
అది పోతూపోతూ ఒక రెక్కని తిప్పుతుంది.
అదే ఇరుసుకి అవతల ఇంకో రెక్క,
అది బయటిగాలిని ఎత్తి లోపలికి కుక్కుతుంది.
"అంటే వొదిలేసిన ఊపిరే
మళ్లీ పీల్చుకోడానికి సాయమన్నమాట."
అవును. అంత బాగా నాకు రాలేదు.

మూడు ఆదివారాలనుకున్నా. ఏడు పట్టాయి.
పోర్టులో రాత్రి డ్యూటీ దిగి,
క్రేను కేబిన్ ఊగుడు ఇంకా నడుంలో ఉండగానే
మల్కాపురంలో, రేకు కింద, కారు కింద.
ఉప్పుగాలి తిన్న బోల్టు ఒకటి తల తెగి చేతికొచ్చింది.
దాని మొండెం తీయడానికే ఒక ఆదివారం:
కిరోసిన్, సుత్తి, తిట్లు, మళ్లీ కిరోసిన్.

మేనిఫోల్డ్ అతికింది మైలపల్లి దానయ్య,
ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజన్ల వెల్డరు.
అద్దం పైకెత్తి,
"సముద్రంలో అయితే దీనికి నీళ్లచొక్కా తొడుగుతాం.
నీదానికి గాలే దిక్కు" అన్నాడు.
"నూనె పైనించి సన్నగా ఇయ్యి, కిందకి లావుగా వొదులు.
దిగడం ఒచ్చు దానికి, ఎక్కడం రాదు."
సంపుకి చిల్లి పొడిచినప్పుడు చెయ్యి వణికింది, ఒప్పుకుంటా.
బాగున్నదాన్ని పొడవడం
ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎవరూ నేర్పలేదు.

మొదటిసారి స్టార్ట్ చేస్తే
నీలం పొగ, వీధంతా.
దోమలమందు బండొచ్చిందని పిల్లలు కేకలేసుకుంటూ వచ్చారు.
గొట్టంలో అరంగుళం వంపు. నూనె అక్కడ కూర్చుండిపోయింది.
విప్పి, కోసి, మళ్లీ.
ప్లగ్గులు చల్లవి మార్చా, టైమింగ్ కొంచెం వెనక్కి తిప్పా,
వేస్ట్‌గేట్ నాలుగు పౌండ్లకే తెరుచుకునేలా పెట్టా.
ఎక్కువ అడగను.
పిస్టన్లు పాతవే. ఇంత గాలి మొయ్యాలని
వాటికి ముందే ఎవరూ చెప్పలేదు.

ఘాటీ. మూడో మలుపు. మూడో గేరు.
మూడువేల దగ్గర బానెట్లో
కుక్కర్ కూతకి ముందొచ్చే బుస.
తర్వాత సీటు నా వీపుని తోసింది.
గులకరాళ్ల చప్పుడు కోసం చెవులు రిక్కించా. లేదు.
నూకరత్నం "ఓలమ్మో" అని పైపిడి పట్టుకుంది.
లారీ వెనకబడింది.
హారన్ కొట్టాడు, కోపమో మర్యాదో.

కొండమీద తాళం తిప్పబోయి ఆగా.
దానయ్య మాట: "పరిగెట్టొచ్చినోడి పీక నొక్కీకు.
ఇంజనాగితే నూనాగిపోద్ది,
నత్త మాత్రం తిరుగుతానే ఉంటది, ఎండుగా.
రెండు నిమిషాలు ఊరికే నడవనీ."

రెండు నిమిషాలు.
ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలీలేదు.
కింద ఓడరేవు, వరసగా క్రేన్లు.
"అదా నువ్వు రాత్రిళ్లుండేది?"
ఎడమనుంచి నాలుగోది.
"అంతెత్తా."
పెళ్లయి పందొమ్మిదేళ్లు. తనడగలేదు, నేను చూపించలేదు.
కిందకెలా దిగుతావు అంది, నిచ్చెనా అంది,
వానొస్తే అంది.
చెప్పా.
గడియారం చూస్తే పది నిమిషాలు, పెట్రోలు దండగ.
ఇంక ఆపొచ్చేమో అన్నా.
"ఉండనీ. తిరుగుతుందేమో ఇంకా."

ఎక్కడో చుక్క పడి కాలిన వాసన.
ఆ గాస్కెట్ సంగతి
వచ్చే ఆదివారం.