ముప్పై రెండో ప్రశ్న

ఆదివారం అయిదున్నర బస్సు.
కళ్యాణదుర్గం స్టాండులో కండక్టరుకు నా మొహం తెలుసు.
"ఏం మేడమ్, ఇంకా పాసు కాలేదా?"
నలభై ఆరేళ్లప్పుడు ఎం.ఎడ్. ఎందుకని ఆయన అడగడు.
ఇంట్లో అడిగారు.
నేను చెనిక్కాయల చట్నీ నూరుతూ ఉండిపోయాను.

అనంతపురంలో రెండో అంతస్తు, తిరగని ఫ్యాను.
మాలో సగం మంది ఇన్‌ఛార్జి హెడ్మాస్టర్లం,
మిగతా వాళ్లు కాబోయేవాళ్లు.
బల్లలు ఆరో తరగతివి, మోకాళ్లు ఇరుక్కుంటాయి.
"నాయకుడు పుడతాడా, తయారవుతాడా? చర్చించండి,
ఇరవై మార్కులు" అంటాడు లెక్చరర్, నా కొడుకు వయసు.
ఉరవకొండ సుంకన్న సారు నా చెవిలో:
"రెండూ కాదు మేడమ్, తగిలిస్తారు.
నాకు మార్చి ముప్పై ఒకటి సాయంత్రం తగిలించినారు."

నాకు తగిలింది జూన్‌లో.
పంతొమ్మిది తాళంచెవుల గుత్తి,
అందులో నాలుగు దేనివో ఎవరికీ తెలీదు.
రిటైరైన సారు కుర్చీ మీద ఆయన తువ్వాలు.
"తీసేద్దునా?" అన్నాడు వన్నూరప్ప.
ఉండనీలే అన్నాను.
నాలుగు నెలలు సంతకాలన్నీ నిలబడే పెట్టాను,
కోడిగుడ్ల లెక్క మీద కూడా.

"చెనిక్కాయ చెట్టు పీకే రోజుల్లో పిల్లలెందుకు రారు"
అని పరిశోధనకు పేరు రాసిస్తే
గైడు ఎర్రసిరాతో కొట్టేశాడు.
"ఋతుసంబంధ గైర్హాజరుపై
పాఠశాల నాయకత్వ ప్రభావం: ఒక అధ్యయనం."
చెనిక్కాయ పోయింది.
పిల్లలూ పోయారు.

నలభై ప్రశ్నలు, వందమంది తల్లిదండ్రులు.
మారెక్క చేనులోనే దొరికింది,
వేళ్ల సందుల్లో ఎర్రమన్ను, ఒడినిండా కాయలు.
గట్టు మీద కూచుని చదివాను:
"ముప్పై రెండు. పాఠశాల నాయకత్వం పట్ల
మీ సంతృప్తి స్థాయి. ఒకటి నుంచి అయిదు."

"నాయకత్వమంటే?"

"అంటే... నేనే."

"నువ్వా?" కిందికీ మీదికీ చూసింది.
"నీ మింద నాకేం కోపమ్మా.
మోడం పట్టినప్పుడు మూడింటికే ఇడ్సిపెట్టు, సాలు.
మా పాప వంక దాటల్ల.
పోయినేడు నీళ్లొచ్చి ఆ పక్క గట్టు మిందనే
పొద్దు గుంకేదంకా నిలబడింది.
గంట కొట్టేదంకా ఇడ్సరంట గదా మీరు."

నా చేతిలో పెన్ను
ఒకటి మీద కాదు, అయిదు మీదా కాదు.

ఆ రోజు ఏడో తరగతికి చివరి పీరియడు నాదే.
జల్లు పుస్తకాల మీద పడుతోందని
లేచి కిటికీ మూసింది నేనే.
నదీలోయ నాగరికతలు చెప్పాను,
చివరి వాక్యం దాకా.

తొంభై తొమ్మిది కాగితాలకు సగటు కట్టాను,
మూడు పాయింటు ఆరు వచ్చింది.
మారెక్క గడి ఖాళీ.
"సగటు వేసి నింపెయ్యండి మేడమ్, ఎవరు చూస్తారు?"
చూస్తారనే భయం కాదు.
నింపబుద్ధి కాలేదు, అంతే.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం
పడమటి గుట్టల వెనక నల్లగా లేచింది.
రెండూ యాభై.
సర్క్యులర్ లేదు, పైనుంచి ఫోన్ లేదు.
నేను చదివిన ఏ సిద్ధాంతంలోనూ
మోడం గురించి ఒక్క ముక్క లేదు.
"కొట్టు వన్నూరప్పా."
"టైం కాలేదు గద మేడమ్?"
"కొట్టు."
రైలుపట్టా ముక్క మోగింది.
పిల్లలు నమ్మక గుమ్మాల్లో ఆగిపోయారు,
ఆ తర్వాత ఒక్కసారిగా దుమ్ము.

వాన రాలేదు.

నాలుగున్నరకు మండలాఫీసు నుంచి ఫోన్ వచ్చింది:
ముందుగా బడి ఎందుకు వదిలారో లిఖితపూర్వకంగా తెలపండి.
తెల్లకాగితం తీసుకున్నాను.
"అయ్యా" అని రాసి, కామా పెట్టి,
మారెక్క పేరు రాయాలా వద్దా అని ఆలోచిస్తూ
ఎప్పుడు కూచున్నానో తెలీదు,
వీపుకు తువ్వాలు గరుగ్గా తగిలింది.